సాక పోసే చిన్నమ్మ

ఎవరు కల్లు పోసినా మా చిన్నమ్మ వద్దనేది కాదు. డొప్పను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, "తల్లీ, నా వంతు నువ్వే తాగు" అంటూ పోచమ్మ పేరిట నేలమీద సాక పోసేది.

వేములవాడ పక్క ఊళ్లో మరమగ్గం మీద బతికిన మనిషి. సోరియాసిస్ చర్మం నుంచి కీళ్లలోకి దిగి, వేళ్లు వాచి, తెగిన పోగును ముడివేయలేని రోజులు చూసింది. డాక్టరు వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర రాశాడు. మధ్యమధ్య రక్తపరీక్ష తప్పదన్నాడు. కల్లు ముట్టొద్దని, కాలేయం దెబ్బతింటే ఆ మాత్ర ఆపేయాల్సి వస్తుందని చెప్పాడు. అమ్మవారి దయ, ఆ మందు చలువ, వేళ్లు మళ్లీ కదిలాయి. చిన్నమ్మ డాక్టరు మాటను మొక్కులా పట్టుకుంది.

ఒక పండగకు దుబాయి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, మా మామ, తాను పోసిన కల్లు కూడా నేలపాలయ్యేసరికి చిన్నబోయాడు.

"నా చేతి కల్లు గూడ తాగవా అక్కా? గోలి వారానికోపారే గదా, గీ ఒక్కనాడు తాగితే ఏమైతది?"

"గోలి వారానికోపారే తమ్మీ. కార్జం దినాం పనిజేస్తది."

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. చిన్నమ్మ కుడిచెయ్యి అతని ముందు చాచి, పిడికిలి బిగించి విప్పింది.

"పోయినేడు నువ్వొచ్చినప్పుడు గీ పిడికిలి పడలే. నీకు అన్నం గూడ కలిపి పెట్టలే, యాదికుందా?"

ఇంతలో ఇంకొకరు కల్లుముంతతో వస్తే మామే అడ్డం పోయాడు.

"మా అక్కకు పొయ్యకుర్రి. గా చెయ్యి మాకు గావాలె."