రూతు వాళ్లింటి ఎర్ర కూర

నిన్న బీట్‌రూట్ కోస్తుంటే వేళ్లు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు నాతో చదివిన రూతు వాళ్లమ్మ గుర్తొచ్చింది.

బోధన్‌లో మూడో తరగతి చదివేటప్పుడు ఒక ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చాక, రూతు నన్ను వాళ్లింటికి భోజనానికి పిలిచింది. రక్తం రంగని మా నాయనమ్మ బీట్‌రూట్‌ను ఇంట్లోకి రానిచ్చేది కాదు, అందుకే నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. రూతు వాళ్లమ్మ కూర వడ్డించగానే అన్నమంతా ఎర్రబడింది.

మాంసమనుకుని, "మేం నీసు తినం" అంటూ కంచం తోసేశాను.

"నీసు కాదు బిడ్డా, గిది గడ్డకూర. నువ్వొస్తున్నవని ఇయ్యాల నీసు వండలే" అందామె మెల్లగా.

నేను నమ్మలేదు. రూతు తల వంచుకుంది. వాళ్లమ్మ వేరే కంచంలో పెరుగన్నం కలిపి పెట్టింది. ఆకలి లేదని అదీ ముట్టలేదు.

అదే కూర మరో ఇంట్లో వడ్డిస్తే, ఇదేమిటని అడిగి తినేదాన్ని. రూతు వాళ్లింట్లో నేను అడగనైనా అడగలేదు.