గడ్డి గురువు రాసుకున్న ఇరవై ఎనిమిది పుస్తకాలు

మా బావ కొంప ముంచింది నేనే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఊరంతటికీ తెలుసు. ముంచుతున్నానని మాత్రం నాకు తెలియదు. ఒడ్డున పడేస్తున్నాననే అనుకున్నాను.

బావంటే మా అక్క భర్త. మా ఫుట్‌బాల్ జట్టు ఆడే పాత గ్రౌండులో గడ్డి పెంచడం, కత్తిరించడం, నీళ్ళు పెట్టడం, సున్నంతో గీతలు గీయడం ఆయన పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. కోచ్‌లు ఏడాదికొకరు మారారు, ఆటగాళ్ళు వచ్చారు, పోయారు. ఆయన మాత్రం గోల్‌పోస్టుల్లాగా ఉన్నచోటే ఉన్నాడు. ఆయన్ని అందరూ గడ్డి గురువు అంటారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరే, ఆ తర్వాత మర్యాదగా మారింది. మా అక్క మాత్రం ఇప్పటికీ వెక్కిరింతగానే వాడుతుంది.

పొద్దున్నే చెప్పులు విప్పి ఈ గోలు నుంచి ఆ గోలు దాకా నడుస్తాడు. మడమ ఎక్కడ దిగితే అక్కడ చిన్న పుల్ల గుచ్చుతాడు. సాయంత్రంలోపు ఆ పుల్ల ఉన్నచోటల్లా మట్టి గుల్లచేసి, ఇసుక నింపి, మళ్ళీ గడ్డి అతికిస్తాడు. గీతలు గీసేటప్పుడు రెండు మేకుల మధ్య దారం కడతాడు. దారం వేలెడు సడలినా గీసిందంతా కడిగేసి మళ్ళీ మొదలు. ఇంత చేసి, మ్యాచ్ రోజు ఆట చూడడు. "ఎవరు వేశారు బావా గోలు?" అని నేనడిగితే, "ఎవరో వేశారులేమ్మా, ఆ తొమ్మిదో నంబరు వాడు మూలలో మడమతో ఎంత గుంట చేశాడో చూశావా?" అని పళ్ళు నూరేవాడు. పెళ్ళైన కొత్తలో మా అక్కని షికారుకని తీసుకెళ్ళి రెండు రకాల గడ్డి చూపించి తెచ్చాడు. ఆ సంగతి చెప్పి అది ఇప్పటికీ తల కొట్టుకుంటుంది.

ఇక పుస్తకాల సంగతి. ఆయనకి పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒకే ఒక పద్ధతి చెప్పాడట. బాగున్నది కంటికి కనబడుతుంది, దానికి కాగితం దండగ. చెడింది మాత్రమే రాయి, ఏ రోజుకారోజు రాయి. బాగుచేశాక బాగైందని కూడా రాయక్కర్లేదు. మర్నాడు ఆ మాట మళ్ళీ కనబడకపోతే బాగైనట్టే లెక్క. బావ ఆ పద్ధతిని అక్షరాలా పట్టుకున్నాడు. ఏడాదికొక పుస్తకం చొప్పున ఇరవై ఎనిమిది పుస్తకాలు, అన్నీ తప్పులే. పడమటి మూల నీళ్ళు నిలిచాయి. గోలు ముందు బట్టతల. గొట్టం పగిలింది. పురుగు పట్టింది. ఇలా వేల పేజీలు. వాటిని బట్టల బీరువా అడుగున, తన పెళ్ళి బట్టల కింద దాచుకున్నాడు.

కిందటేడు కొత్త స్టేడియం మాట లేచింది. ఊరి బయట పెద్ద రోడ్డు పక్కన, ముప్ఫై వేల మంది పట్టేది, పైన కప్పుతో సహా. పాత గ్రౌండు అమ్మేసి అక్కడ దుకాణాలు కడతారు. జట్టు అటు వెళ్ళిపోతుంది. అక్కడ వేసేది ప్లాస్టిక్ గడ్డి. ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళక్కర్లేదు, కత్తెరక్కర్లేదు, మా బావ అసలే అక్కర్లేదు. "నన్నేం చేస్తారట, తుడిచే చీపురిస్తారా?" అని ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు గానీ అన్నం తగ్గిపోయింది. అక్క భయపడి నాకు ఫోన్ చేసింది.

ఊరు రెండుగా చీలింది. మంగలి షాపులో వెళ్దామనేవాళ్ళు ఒక బెంచీ, ఉందామనేవాళ్ళు ఒక బెంచీ. గడ్డం సగంలో ఉండగా మనిషి లేచి అవతలి బెంచీతో పోట్లాడిన రోజులున్నాయి. చివరికి క్లబ్బు సభ్యులందరినీ టౌన్‌హాలుకి పిలిచి, అందరి ముందూ వాదనలు విని, చేతులెత్తించి తేల్చేస్తామన్నారు. పనివాళ్ళూ సభ్యులే, వాళ్ళ ఇంటివాళ్ళూ సభ్యులే. ఎవరి దగ్గర ఏ ఆధారం ఉన్నా వారం ముందే ఇవ్వాలి.

ఉందామనే పక్షానికి మా వీధి మందుల షాపాయన నాయకుడు. ఆయన నా దగ్గరికొచ్చాడు. నాకు జిరాక్స్ షాపుంది. "గ్రౌండు పాడుబడిపోయింది, పట్టించుకునే దిక్కు లేదంటున్నారమ్మా వాళ్ళు. రోజూ చూసుకునే మనిషున్నాడని రుజువేమైనా దొరికితే బాగుండు," అన్నాడు.

నాకు వెంటనే బీరువా గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్కరోజు మానకుండా రాసిన మనిషి ఇంకెవరున్నారు! అంతకంటే రుజువేం కావాలి! బావని అడిగితే సిగ్గుపడి వద్దంటాడని, ఆయన పనికి వెళ్ళాక అక్కా నేనూ పుస్తకాలన్నీ రిక్షాలో వేయించుకుని షాపుకి తెచ్చాం. రెండు రోజులు మెషిన్ కాలిపోయేలా కాపీలు తీశాను. ఆయన రోజూ రాసే ఈ ఏటి పుస్తకం మాత్రం మొదటిరోజు సాయంత్రానికే తిరిగి బీరువాలో పెట్టేశాం. చదవలేదు. పేజీ తిప్పడం, మూత వెయ్యడం, మీట నొక్కడం, అంతే. ఆ చేతిరాత చూస్తే చాలు, ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయనుకున్నాను. నా తెలివి తగలెయ్య.

సభ రోజు పొద్దున చెప్పాం ఆయనకి. నేనేదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పాను. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నీ ఇచ్చేశారా?" అన్నాడు. "అన్నీ బావా, ఒక్కటి వదల్లేదు," అన్నాను. మంచం మీద కూర్చుండిపోయాడు. నలుగురి ముందూ మాట్లాడాలి కదా, భయమేమో అనుకున్నాం. అక్క ఇస్త్రీ చొక్కా తెచ్చి తొడిగింది.

హాలు కిక్కిరిసిపోయింది. మా వరుసలో దర్జీ వాళ్ళమ్మ కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, అందరికీ పెద్దమ్మ. జట్టు రంగని ఆకుపచ్చ శాలువా కప్పుకుని, గ్రౌండు ఎక్కడికీ పోకూడదని చెప్పడానికే వచ్చింది. వేదిక మీద అధ్యక్షుడు, ఆయన పక్కన క్లబ్బు సెక్రటరీ, కొత్త స్టేడియం ఇంజనీరు. మందుల షాపాయన లేచి బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, పుస్తకాలు చూడమన్నాడు. చప్పట్లు మోగాయి. నేనైతే చేతులు మండేదాకా కొట్టాను.

తర్వాత ఇంజనీరు లేచాడు. నా కాపీలే చేతిలో పట్టుకున్నాడు.

"వీటికి మేమే మీకు కృతజ్ఞతలు చెప్పాలి," అని మొదలుపెట్టి చదువుకుంటూ పోయాడు. నీళ్ళు నిలిచాయి. నేల దిగింది. గొట్టం పగిలింది. గడ్డి చచ్చింది. గొట్టం మళ్ళీ పగిలింది. "ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ గ్రౌండు గురించి ఒక్క మంచి మాట లేదండీ. దీన్ని అందరికంటే బాగా ఎరిగిన మనిషే రాశాడు," అన్నాడు.

మందుల షాపాయన వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అప్పటికీ తేరుకుని గట్టిగా అరిచాడు. "అవన్నీ ఆయన బాగుచేశాడు! చెప్పవయ్యా గురువా, బాగుచేశావా లేదా?"

బావ లేచాడు. "చేశానండి. బాగైంది రాయడం మా పద్ధతి కాదు."

ఎవరో ఈల వేశారు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఇంజనీరు ఆగలేదు. "మరి ఇదీ బాగుచేశారా?" అని ఇంకో కాగితం తీశాడు. "మూడేళ్ళ కిందటిది, ఆ తర్వాత ఎక్కడా మళ్ళీ రాయలేదు. 'ఉత్తరం గ్యాలరీ, నాలుగో స్తంభం. పగులు. వేలు పడుతోంది. సెక్రటరీ గారికి చెప్పాను. బయటికి పొక్కితే గ్రౌండు మూసేస్తారు, ఊరుకోమన్నారు.'"

సెక్రటరీ తన ముందున్న నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. బావ ఒక్క అబద్ధం ఆడితే చాలు. సిమెంటు పూశానంటే చాలు, సగం హాలు లేచి నిలబడి ఒట్టేసి నమ్మేది. గ్రౌండు నిలిచేది, ఆయన ఉద్యోగం నిలిచేది. నేను మనసులో ఆ అబద్ధాన్ని ఆయన నోట్లో పెడుతూనే ఉన్నాను.

"లేదండి," అన్నాడు బావ. "అది నా వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు చెయ్యి పడుతోంది."

ఉత్తరం గ్యాలరీలో పన్నెండు వందల మంది కూర్చుంటారు. టికెట్టు తక్కువ, మెట్లు తక్కువ. హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఆ గ్యాలరీ మనుషులే. అక్క చటుక్కున నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"ఏమే, మనల్ని దక్షిణం వైపుకి ఎప్పుడు మార్చాడే?"

అప్పుడు వెలిగింది నాకు. మేమూ మొదట్నుంచీ ఉత్తరం వైపే కూర్చునేవాళ్ళం. మూడేళ్ళ కిందట ఒకరోజు, అక్కడ ఎండ కంట్లో పడుతుంది, ఇటు రండని ఎదుటి గ్యాలరీలో పాస్‌లు ఇప్పించాడు. మా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాం. నిజంగా మురిసిపోయాం. మమ్మల్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్న మనిషి, మిగతావాళ్ళని ఎక్కడ పెట్టాడు?

అక్క ఆ మాట మరీ మెల్లగా అనలేదు. పక్కనున్న పెద్దమ్మకి వినబడింది. ఆవిడ శాలువా సర్దుకుని, కొడుకు భుజం పట్టుకుని లేచింది. మైకు అడగలేదు. అవసరం కూడా లేదు.

"నాయనా," అంది. "ప్రతి ఆటకీ నన్ను గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ జాగ్రత్త పెద్దమ్మా అంటూ, ఆ ఉత్తరం గ్యాలరీలోనే కదరా కూర్చోబెట్టేవాడివి?"

బావ ఆవిడ వైపు తిరిగాడు. "మీరు కూర్చునేది గేటు వైపు చివర, ఒకటో స్తంభం దగ్గర పెద్దమ్మా. అక్కడ పగులు లేదు. ఆట రోజు పొద్దున్నే తట్టి చూసేవాణ్ణి. అందుకే మిమ్మల్ని అక్కడ..."

"మరి నాలుగో స్తంభం దగ్గర ఎవరు కూర్చునేవాళ్ళు?"

ఎవరు కూర్చునేవాళ్ళో బావకి తెలుసు. నాకూ తెలుసు. బడి పిల్లలు, చవక టికెట్టు వాళ్ళు, డప్పులు కొట్టి ఎగిరి గంతులేసేవాళ్ళు. గోలు పడ్డప్పుడల్లా ఆ గ్యాలరీ దడదడలాడుతుంటే ఎదుటి వైపు నుంచి చూసి, మేము కూడా ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ సమయంలో బావ ఆటగాళ్ళ బూట్లే చూసేవాడా, ఆ స్తంభాన్ని చూసేవాడా? ఈ ప్రశ్న నేను ఇప్పటికీ ఆయన్ని అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"గ్రౌండు పోతుందని..." అన్నాడు బావ.

అధ్యక్షుడు ఇంకేమీ వినదలచుకోలేదు. కొత్త స్టేడియంకి వెళ్దామనేవాళ్ళు చేతులెత్తండన్నాడు. మొట్టమొదట లేచిన చెయ్యి మా బావది. గోళ్ళ సందుల్లో మట్టి, ఇస్త్రీ చొక్కా. తన ఇరవై ఎనిమిదేళ్ళనీ తనే ఊడబెరుక్కుంటున్నాడని ఆ హాల్లో నాకూ అక్కకీ తప్ప ఎవరికి పట్టింది! తర్వాత పెద్దమ్మ ఎత్తింది. తర్వాత అక్క. నేను అందరికంటే ఆలస్యంగా ఎత్తాను, ఏడుస్తూ ఎత్తాను. కింద ఉండిపోయిన చేతుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మందుల షాపాయన చెయ్యి ఎత్తనూ లేదు, తల ఎత్తనూ లేదు.

సభ అయిపోయింది. జనం బయటికొస్తున్నారు. టౌన్‌హాలు ముందు ఎత్తైన మెట్లున్నాయి. బావ మాకంటే ముందే వచ్చి పై మెట్టు మీద నిలబడ్డాడు, ఎటు పోవాలో తెలియనట్టు. దర్జీ స్కూటర్ తేవడానికి వెళ్ళాడు. పెద్దమ్మ ఒక్కతే మెట్ల దాకా వచ్చి ఆగింది.

బావ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. "జాగ్రత్త పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ ఒక్కతే దిగింది.