నమస్తేకి ముందు సారీ

మారేడ్‌పల్లిలో మా పై ఫ్లాట్‌లో ఉండే ఆ తల్లి ఎదురుపడితే నమస్తే కంటే ముందు సారీ చెప్పేది. లిఫ్ట్ ఎక్కుతూనే, "సారీ ఆంటీ, మా పాప జెర కుదురుగ ఉండది" అనేది. ఆరేళ్ల పాప ఇంకా బటన్ల మీద చెయ్యి వేయకముందే ఆమె తల వంగిపోయేది.

పాపకు ధ్యాస నిలవదని, ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలని స్కూల్లో టీచరు చెప్పిందట. రోజూ పొద్దున ఆమె గొంతు మెట్ల మీదుగా వినిపించేది. "ముందు సాక్స్ వేస్కో బిడ్డా. అయిందా? శభాష్. ఇప్పుడు షూస్." ఎంత ఓపికో! మనుషులు కనబడితే చాలు, ఆ గొంతే సన్నబడిపోయేది.

శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచాను. తలుపు తీయగానే, తల్లి కంటే ముందు పాపే తల వంచుకుని "సారీ అమ్మమ్మా" అంది.

"ఎందుకు బిడ్డా? ఏం చేసినవ్?"

"ఇంకా ఏం చెయ్యలే."

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఆమె వైపు చూసే మొహం లేకపోయింది. నా వెనక టేబుల్ మీద పాయసానికి అందరికీ గాజు గిన్నెలు పెట్టి ఉన్నాయి. ఆ పాపకొక్కదానికే స్టీలు గిన్నె.