ఐసులో పెట్టిన సూదిమందు

చిటికెన వేలంత గాజుసీసా. అందులో చెంచాడు కూడా లేని మందు. దాని బరువు ఎంతుంటుందని అడిగితే నవ్వుతారు మీరు. నర్సింగ్ చదివిన రోజుల నుంచీ నేను దాన్నే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకేనేమో, మీ దగ్గర నోరు పెగులుతోంది.

నాకొక కల వస్తుంటుంది. మా ఊరి సముద్రం ఒడ్డున నిలబడి ఉంటాను. గాలి ఉండదు, అల చప్పుడు ఉండదు. నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటాయి. పైనుంచి సన్నటి తెల్లటి పలుకులు దిగుతుంటాయి, తొందర లేకుండా, నా జుట్టు మీదా భుజాల మీదా. తలెత్తి చూస్తే ఆకాశం ఉండాల్సిన చోట గాజు. అప్పుడు తెలుస్తుంది, నేను ఉన్నది సీసా లోపల అని. బయట ఎవరో ఆ సీసాని వెలుగుకేసి ఎత్తి చూస్తుంటారు. ఆ చేతికున్న ఆకుపచ్చ గాజులు నాకు బాగా తెలుసు.

అవి పైడివి. అసలు పేరు చెప్పను. మా జిల్లాల్లో వీధికొక పైడితల్లి ఉంటుంది కాబట్టి పైడి అంటే చాలు. గరివిడి పిల్ల. శ్రీకాకుళంలో మాది ఒకే హాస్టల్, ఒకే గది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో పనిచేసి, కిడ్నీలు పాడై, డయాలసిస్ మిషన్ మీద బతికేవాడు. పైడి నర్సింగ్‌కి వచ్చిందే ఆ మిషన్ దగ్గర నిలబడడానికి. నాన్న పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లు ఇంట్లో చాలామంది ఉన్నారు, ఆ మిషన్ తిప్పడం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు అనేది.

నేనేమో చేపల వాళ్ల పిల్లని. మా అయ్య పట్టిన చేపని ఐసులో వేసి పై ఊళ్లకు పంపేవాడు. హాస్టల్లో నాకొక పేరు పెట్టారు: ఐసుపెట్టె. నా దుప్పటి వాసన చూసి ముక్కు మూసుకునేవాళ్లు. పైడి ఒక్కతే ఆ పేరుతో పిలవలేదు. పైగా ఆ దుప్పటే కప్పుకుని పడుకునేది.

వార్డులకు పంపే ముందు మా అందరికీ రక్తపరీక్ష చేశారు. హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకుంటుంది, లివర్‌ని తినేస్తుంది. పసితనంలో వేసిన టీకా బలం ఇరవై ఏళ్లు వచ్చేసరికి చాలామందిలో కిందికి దిగిపోతుందట. భయపడక్కర్లేదు, ఒంటికి జ్ఞాపకం ఉంటుంది, బూస్టర్ వేసి తట్టి లేపాలి అంతే అని ట్యూటర్ చెప్పింది. ఒంటికి జ్ఞాపకం ఉంటుందన్న మాట నాకు ఎంత నచ్చిందో! ఇప్పుడు ఆ మాట తలచుకుంటే వణుకు.

తగ్గినవాళ్లలో పైడీ ఉంది, నేనూ ఉన్నాను. మందులషాపులో చెరొక సీసా కొన్నాం. ఆ సాయంత్రమే వేయించుకోవాలి. ఇంతలో తుఫాను హెచ్చరిక వచ్చింది, కాలేజీ మూసేశారు, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. గరివిడి దూరం, మా ఊరు దగ్గర. పైడి తన సీసా కూడా నా చేతిలో పెట్టి బస్సెక్కేసింది.

మా ఊళ్లో కరెంటు పోయింది. ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో కూడా అది ఉత్త బీరువా అయి కూర్చుంది. మందు చల్లగా ఉండాలి, అంతవరకే నాకు తెలుసు. చల్లదనం గురించి మా ఇంట్లో ఎవరినైనా అడగాలా? ఐసులో ఉన్నది పాడవదు, అది మా కూడు. అయ్య పెట్టెలో ఐసు మీద దోసెడు ఉప్పు చల్లి ఉంది, చలి ఇంకా పెరగడానికి. రెండు సీసాల్నీ కవర్లో చుట్టి ఆ ఐసు అడుగున పూడ్చాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

తీసేసరికి గడ్డ కట్టి ఉన్నాయి. గుప్పిట్లో పెట్టుకుని కరిగించాను. కరిగాక సీసాని అలా ఊపితే లోపల తెల్లటి పలుకులు లేచి, మెల్లగా తిరిగి, అడుగుకి దిగిపోయాయి. అందంగా ఉంది. నిజం చెప్తున్నాను, అందంగా ఉందనే అనుకున్నాను.

కాలేజీ మళ్లీ తెరిచాక సూది వేసే సిస్టరు, ఫ్రిజ్‌లోనే పెట్టావా అని అడిగింది. వెనక మా క్లాసు పిల్లలున్నారు. చేపలపెట్టెలో పెట్టానని వాళ్ల ముందు ఎలా అనను? పెట్టానండి అన్నాను. పక్కనే పైడి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, నా మొహం చూసి నవ్వుతోంది. ఆ అబద్ధానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. తెలియక చేసింది. సిగ్గుతో ఆడింది. నేను చెప్పాల్సింది ఆ తర్వాతది.

కొన్నాళ్లకు టీకాలు దాచడం గురించి క్లాసు. పైడి ఆ రోజు లేదు, నాన్నకి బాగోలేదని ఊరెళ్లింది. ట్యూటర్ రెండు సీసాలు పట్టుకొచ్చి ఊపింది. ఒకటి మసకగా అలాగే ఉండిపోయింది. రెండోదాంట్లో తెల్లటి పలుకులు చకచకా అడుగుకి చేరాయి. కొన్ని మందులకి వేడి కంటే గడ్డకట్టడమే చావు, హెపటైటిస్ బి టీకా అలాంటిది, గడ్డకట్టిందంటే నీళ్లతో సమానం అంది. ఆ పలుకుల్ని నేను చూశాను. గుర్తుపట్టాను.

చేయి ఎత్తి ఉంటే? లేచి నిలబడి, అమ్మా, మావి గడ్డకట్టాయి అని ఉంటే? క్లాసంతా నవ్వేది. ఐసుపెట్టె, ఐసుపెట్టె అని చదువు అయ్యేదాకా పిలిచేవాళ్లు. అంతేకదా! అంతకుమించి ఏమైపోయేది?

నేను ఏం చేశానంటే, ఆ వారమే ఒంటరిగా విజయనగరం వెళ్లాను. ముక్కూమొహం తెలియని క్లినిక్కులో మంచి సూది వేయించుకున్నాను. తిరిగొచ్చి పైడి పక్కన పడుకున్నాను. తను ఊరి నుంచి తెచ్చిన జంతికలు నా చేతిలో పెట్టింది. తిన్నాను.

మళ్లీ రక్తపరీక్ష చేశారు. నాకు బలం బాగా పెరిగింది. పైడికి చలనమే లేదు. కొందరి ఒంటికి ఈ టీకా పట్టదమ్మా, మళ్లీ మొదటి నుంచీ అన్ని డోసులూ వేయించుకుని చూడు, అప్పటిదాకా డయాలసిస్ వార్డు వద్దు అంది ట్యూటర్. పట్టని మందు పదే పదే పొడిపించుకోవడం దేనికని వాళ్లమ్మ. పైడి నన్నే అడిగింది ఏం చేయమంటావని. నీ ఇష్టం అన్నాను. ఎంత చిన్న మాట! ఆ ఏడాదే వాళ్ల నాన్న పోయాడు. పైడి చదువు మానేసి చీపురుపల్లిలో ఒక బట్టల కొట్టులో చేరింది. తర్వాత పెళ్లయింది.

నేను ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నానో ఊహించే ఉంటారు. డయాలసిస్ వార్డులో. ఆమె నిలబడాలనుకున్న చోట నేను నిలబడ్డాను.

ఈ మధ్య ఆమెకి ఆడపిల్ల పుట్టింది. చూడడానికి గరివిడి వెళ్లాను. పాపని నా ఒళ్లో పెట్టింది. రేపు నెలన్నర సూదికి తీసుకెళ్తున్నావా అని మాటవరసకి అడిగాను. ఆ సూదిలో హెపటైటిస్ బి టీకా కూడా ఉంటుంది.

"ఎందుకే? నా రత్తమే కదా దానిదీ. నాకు పట్టనిది దీనికెలా పడతాది? వొట్టి జొరం తప్ప," అంది.

నా మౌనం ఈ పసిదాని దాకా వచ్చేసిందా?

"నీ ఒంట్లో ఏటీ నేదే. ఆ మందే పాడైపోనాది. తుఫానప్పుడు మా అయ్య ఐసుపెట్టెలో పెట్టాను. గడ్డకట్టేసినాది," అన్నాను.

పైడి నవ్వింది. "ఊరుకోయే! నా మనసు కుదుటెట్టడానికి కతలు సెప్తన్నావు. నువ్వూ అదే ఏయించుకున్నావు కదా. నీకెలా పట్టినాది మరి?"

కొందరికి పడతాది అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. సగం చెప్పి, దయగలదాన్నని పేరు తెచ్చుకుని, బస్సెక్కి వెళ్లిపోవచ్చు. కానీ ఆ సగంతో ఈ పాపకి సూది పడదు. పాప నా వేలు పట్టుకుని నిద్రపోతోంది.

"నాను మల్లీ ఏయించుకున్నాను. ఇజీనారంలో. నీకు సెప్పకండా."

"ఎప్పుడు?"

"కిలాసులో సెప్పినాక. నీకు పరీక్ష సెయ్యకముందే."

తిట్టినా బాగుండును. పైడి నా మొహంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు.

"గుంటని ఇలాగియ్యి," అంది.

ఇచ్చేశాను. పాప నా వేలు విడవలేదు, పైడే ఒక్కొక్క వేలూ విడదీసింది. నేను గుమ్మం దిగి చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. నాతో కాదు, వాళ్లమ్మతో.

"అమా, రేపు బేగి లెగాల. గుంటకి సూదేయించాల."

అప్పటినుంచీ పైడి నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తమని అడిగే మొహం నాకు లేదు. తనూ మళ్లీ టీకా వేయించుకుందో లేదో తెలియదు. మొన్న ఆ కల మళ్లీ వచ్చింది. సీసా బయట ఎవరూ లేరు. పలుకులన్నీ అడుగుకి దిగిపోయి, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. పాడైన మందే అలా తేరుకుంటుందని నాకు తెలుసు. అయినా, ఆ నీళ్లలో నాకు ఊపిరి ఆడింది.