చీరాల గుడ్డ వెనుక స్విచ్చి

అది 1993. బాపట్లలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. కాపురం తెనాలిలో. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. డిప్లొమా చివరి సంవత్సరం పిల్లల చేత ప్రాజెక్ట్ చేయించడం నా బాధ్యత. ప్రాజెక్ట్ అంటే, చదివిన చదువును ఉపయోగించి పనిచేసే వస్తువొకటి సొంతంగా తయారుచేసి, బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు చూపించాలి. ఆయన అడిగిన వాటికి జవాబులు చెప్పాలి. ఆ నోటి పరీక్షను వైవా అంటారు.

సొంతంగా అన్న మాట కాగితం మీదే. పిల్లలు గుంటూరు వెళ్లి, రేడియో సామాన్ల కొట్టులో తయారుగా ఉన్న ప్రాజెక్ట్ కొనుక్కొచ్చేవారు. ఏటా అదే క్లాప్ స్విచ్. చప్పట్లు కొడితే బల్బు వెలుగుతుంది. నా ఉద్యోగంలో నేను విన్నన్ని చప్పట్లు మా తెనాలి నాటకాల వాళ్లు కూడా విని ఉండరు.

రేపల్లె అమ్మాయి ప్రమీల కూడా అంతకుముందు ఏడాది అదే తెచ్చింది. వైవాలో ఎగ్జామినర్ ఎన్ని చప్పట్లు కొట్టినా బల్బు కదల్లేదు, మెదల్లేదు. ఆయన విసుగెత్తి దగ్గితే వెలిగింది. ఫెయిల్ చేసి వెళ్లిపోయాడు. మిగతా సబ్జెక్టులన్నీ పాసైన పిల్ల ఈ ఒక్క దాని దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్నగారు మిషన్ స్కూల్లో పంతులుగారు. హైదరాబాదులో ఒక కంపెనీ ఆ అమ్మాయిని అప్రెంటిస్‌గా తీసుకుంటామంది, కానీ జూన్ లోపల డిప్లొమా చేతిలో ఉండాలంది. ఈసారి తప్పితే ఆ అవకాశం పోయినట్టే.

అలాంటి స్థితిలో ఉన్నవాళ్లు సులువైనది చేసి గట్టెక్కాలని చూస్తారు. ట్యాంకు నిండితే మోగే వాటర్ లెవెల్ అలారం చెయ్యమ్మా, నేను దగ్గరుండి చూస్తానన్నాను. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

"బస్టాండుకి బోర్డు చేస్తానండి" అంది. "చదువు రానివాళ్లు ఊరి బొమ్మ కింద బటన్ నొక్కితే, ఆ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీద ఆగుతుందో, పక్కనున్న బస్టాండు బొమ్మలో అక్కడ లైటు వెలుగుతుందండి."

ఆలోచన బాగుంది, కాదనను. సర్క్యూట్ కూడా పెద్ద కష్టమైనది కాదు. 555 టైమర్ అని ఒక చిన్న ఐసీ ఉంటుంది. బటన్ నొక్కి వదిలేసినా కాసేపు దీపాన్ని వెలిగించి ఉంచడం దాని పని. ఒక్కో ఊరికి ఒక్కో టైమర్, ఒక్కో ఎల్ఈడీ, అంటే చిన్న ఎర్ర దీపం. అదీ మొత్తం వ్యవహారం. నిదానంగా చేసినా నెల తిరిగేలోపు అయిపోవాలి.

నెల తిరిగింది. వెళ్లి చూస్తే ప్లైవుడ్ మీద రంగులు తప్ప ఒక్క వైరు లేదు. సూర్యలంకకి అలలూ చేపలూ, పెనుమూడికి రేవులో పడవ, చీరాలకి మగ్గం. తెనాలికి రైలింజను!

"బస్సు బోర్డు మీద రైలింజనేంటమ్మా?"

"తెనాలంటే ఎవరికైనా జంక్షనే గుర్తొస్తదండి."

"ఇది ఎలక్ట్రానిక్స్ ల్యాబా, డ్రాయింగు క్లాసా?"

"బొమ్మ బాగోకపోతే ఎవరూ దగ్గరికే రారు కదండి."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎగ్జామినర్ మార్కులు వేసేది సర్క్యూట్‌కి, చేప కళ్లకి కాదన్నాను. తల ఊపింది. మర్నాడు వచ్చి చేపకి పొలుసులు దిద్దుతోంది. చివరికి రంగుల డబ్బాలన్నీ తీసుకెళ్లి నా బీరువాలో పెట్టి తాళం వేస్తే గానీ ఆ చేతికి సోల్డరింగ్ ఐరన్ ఎక్కలేదు. సీసం కరిగించి వైర్లు అతికే పనిముట్టు అది. ఆ అతుకులు చూడబోతే పాకం ఉండలు. అయినా దీపాలు వెలిగాయి. బతికాం అనుకున్నాను.

అక్కడితో ఆగితే ఆ పిల్ల ప్రమీల ఎందుకవుతుంది? జనం మీద పరీక్షించి చూడాలంది. వాళ్ల నాన్నగారు కంట్రోలర్‌ని బతిమాలి రేపల్లె బస్టాండులో ఒక పూట బోర్డు పెట్టించారు. ఆదివారం పూట నేను కూడా వెళ్లాను, నా ఖర్మ.

బోర్డు చుట్టూ జనం బాగానే మూగారు. బొమ్మలు చూశారు, మెచ్చుకున్నారు. ఒక్కరు కూడా బటన్ నొక్కలేదు. ఒక ముసలావిడ బోర్డు ముందు నిలబడి, పక్కనున్న ప్రమీలను అడిగింది.

"అమ్మాయ్, చీరాల బస్సు ఎక్కడాగుద్దే?"

"ఆ మగ్గం కింద నొక్కు మామ్మా, అదే చెప్పుద్ది."

"కరెంటుతో నాకెందుకే తల్లీ. నోరున్నదానివి, నువ్వు చెప్పకూడదూ?"

వెనకాల పంచె కట్టుకున్న పెద్దాయన సమర్థించాడు. "నొక్కాక అది కాస్తా పాడైతే మన మీదకొస్తదమ్మా. ఎందుకొచ్చిన గొడవ."

ఆ పూటంతా ప్రమీలే నోటితో ప్లాట్‌ఫాంలు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను? అడిగితే చెప్పే మనిషి పక్కనుండగా మన జిల్లాలో బోర్డు చూసేవాడెవడు? పైగా చిన్నప్పటి నుంచీ రేడియో తాకకు, ఫ్యాను తాకకు అని పెంచుతాం. మా ల్యాబులోనే ప్రతి బల్ల మీదా 'తాకరాదు' అని అట్టముక్క ఉంటుంది. మా అటెండర్ సాంబయ్య వాటికి ఏటా కొత్తగా సిరా పట్టిస్తాడు కూడా.

"పోనీలే, ఎగ్జామినర్ ముందు నువ్వే నొక్కి చూపించు. మనకి కావాల్సింది పాసవడం" అన్నాను. ప్రమీల తన ఓణీ అంచునే వేళ్లతో తడిమి చూసుకుంటోంది. ఆ వాలకం చూస్తే నాకు భయం వేసింది.

పరీక్ష వారంలో పడ్డాక, బాగా పనిచేస్తున్న బోర్డును విప్పి కూర్చుంది! బటన్లన్నీ పీకేసింది. మగ్గం బొమ్మ ఉన్నచోట నిజం చీరాల చీర ముక్క, అంచుతో సహా, కుచ్చులా వేలాడుతోంది. సూర్యలంక దగ్గర వల ముక్క, పెనుమూడి దగ్గర పడవ తాడు, తెనాలి రైలింజనుకి తిరిగే చక్రం. ఒక్కోదాని వెనుక రెండు ఇత్తడి రేకులు. గుడ్డ కాస్త కదిలితే చాలు, అవి ఒకదానికొకటి తగిలి దీపం వెలుగుతుంది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

"ఏంటమ్మా ఇది? పరీక్ష ముందా ఈ విన్యాసాలు?"

"బస్టాండులో ఆ మామ్మ బటన్ నొక్కలేదు గానీ, నా ఓణీ అంచు పట్టుకుని చూసిందండి. ఎక్కడ కొన్నావే అని అడిగింది. గుడ్డ కనపడితే మనవాళ్లు పట్టుకు చూడకుండా ఉండలేరండి."

"ఎగ్జామినర్ పట్టుకోకపోతే?"

"పట్టుకుంటారండి."

వైవా రోజు వచ్చినాయన మాట తక్కువ మనిషి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. ఆ చేతులు ముందుకొస్తేనే కదా గుడ్డ పట్టుకునేది! ప్రమీల బల్ల దగ్గరికి వచ్చేసరికి, గోరుచుట్టు మీద రోకటిపోటులా, బోర్డు ముందు సాంబయ్య పెట్టిన కొత్త 'తాకరాదు' అట్ట నిగనిగలాడుతోంది.

ఆయన 555 గురించి అడిగాడు. సగం చెప్పి సగం మర్చిపోయింది. ఆయన మొహం చిట్లించాడు.

"సరే, ఇది ఎలా పనిచేస్తుందో చూపించు."

"నేను చూపించకూడదండి."

నేను వెనక నుంచి కళ్లతో బెదిరించాను, చేతులతో దణ్ణం పెట్టాను. ఆ పిల్ల నావైపే చూడలేదు.

"చూపించకూడదా? ఎందుకని?"

"ఎక్కడ చెయ్యి వెయ్యాలో నాకు తెలుసు కదండి. తెలియనివాళ్లు కూడా వాడగలగాలనే చేశాను. నేనే చెయ్యి వేస్తే అది పనిచేసినట్టు కాదండి." కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

ఆయన చికాగ్గా కలం మూత తీశాడు. మార్కుల కాగితం వైపు తిరగబోతూ ఆగాడు. కళ్లజోడు సవరించుకుని బోర్డు మీదికి వంగాడు.

"ఈ అంచు... చీరాలదేనా?"

జవాబు కోసం ఆగలేదు. రెండు వేళ్లతో గుడ్డ అంచు పట్టుకుని నలిపి చూశాడు. బస్టాండు బొమ్మలో మూడో ప్లాట్‌ఫాం మీద ఎర్ర దీపం వెలిగింది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కాసేపు దాన్నే చూసి, మళ్లీ చెయ్యి చాపి వల పట్టుకున్నాడు. తర్వాత తాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే రైలింజను చక్రం తిప్పాడు. ప్రమీల ముఖం దాచుకుని ఏడ్చేసింది. నాకు కూడా ఏడుపొచ్చింది, అయితే నాది ఒట్టి అలసట.

పాసైంది. అప్రెంటిస్‌గా వెళ్లింది. వెళ్లేముందు, ఆ బోర్డును రేపల్లె బస్టాండుకి ఇప్పించండని ప్రిన్సిపాల్‌ని అడిగింది. నేనూ అడిగాను. ఆయన వింటేనా! "ఇంత మంచి వస్తువు జనం చేతిలో పెడితే నాలుగు రోజులు ఉంటుందా?" అని వరండాలో అద్దాల బీరువా చేయించి, అందులో పెట్టి తాళం వేశారు. సాంబయ్య తన వంతు అట్టముక్క తగిలించాడు.

ఆ తర్వాత ఎంతోమంది చేత ప్రాజెక్టులు చేయించాను. అందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. జనానికి మీ బటన్ నేర్పాలని చూడకండి. వాళ్ల చెయ్యి అప్పటికే ఎటు పోతుందో కనిపెట్టి, స్విచ్చి అక్కడ పెట్టండి. విన్నవాళ్లు తక్కువ, క్లాప్ స్విచ్‌లు ఎక్కువ.

ఒకరోజు సాంబయ్య తడిగుడ్డ పట్టుకుని నా గదికొచ్చాడు.

"ఈ బీరువా అద్దం తుడవలేక చస్తన్నానండి. తాకరాదు అని అంత లావున రాసినా, పొద్దున తుడిస్తే మజ్జానానికి మళ్లీ మరకలే. అదీ ఒక్కచోటేనండి."

వెళ్లి చూశాను. అద్దం మిగతా అంతా తళతళలాడుతోంది. చీరాల గుడ్డకి సరిగ్గా ఎదురుగా మాత్రం, ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని వేలిముద్రలు.