అయితే బాబాయి

మా చర్చి సంఘంలో 'అయితే' బాబాయికి మెచ్చుకోవడం రాదు. బొత్తిగా రాదని కాదు, మొదలుపెడతాడు. "అంతా బాగానే ఉంది" అంటాడు. అక్కడ ఆగితే ఆయన్ని మేమందరం నెత్తిన పెట్టుకుందుం. ఆగడు. కళ్ళజోడు సవరించుకుని, ఊపిరి తీసుకుని, "అయితే..." అంటాడు. ఆ తర్వాత వచ్చేది వినడానికి గుండె నిబ్బరం కావాలి.

వరసకి ఆయన నాకు ఏమీ కాడు. సంఘంలో అందరికీ బాబాయే. వృత్తి దర్జీ. కోటు కుట్టడంలో ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. ఆ ఒక్క మాటకు మాత్రం 'అయితే' తగిలించడు.

ఒకసారి ఎవరో పెద్దాయన పోతే, శవపెట్టె దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "నిండుగా బతికిన మనిషి" అన్నాడు. పోయినాయన కూతురు కళ్ళు తుడుచుకుంది. "అయితే, ఈ కోటు నేను కుట్టింది కాదు. భుజాలు చూడండి" అన్నాడు. అంత ఏడుపులోనూ అందరూ భుజాలు చూశారు.

"పెళ్ళినాడు నన్ను చూసి కూడా అంతా బాగానే ఉందన్నారమ్మా" అని చెబుతుంది పిన్ని, అంటే బాబాయి భార్య. "సరిగ్గా అప్పుడే చర్చి గంట మోగింది. మిగతా సగం ఏమిటో ఇప్పటికీ చెప్పలేదు. నేనూ అడగలేదు. తెలుసుకుని బాగుపడేదేముంది?"

ఇదంతా వినడానికి సరదాగానే ఉంటుంది, మీ ఆయన పాస్టరు కాకపోతే. మా ఆయన పాస్టరు.

ఆరాధన చివర ప్రకటనల సమయంలో, "ఎవరైనా ఏమైనా చెప్పాలంటే చెప్పవచ్చు" అని మా ఆయన అనాలి. అది ఆ సంఘంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆయన నోట ఆ మాట పూర్తి కాకముందే బాబాయి లేచి నిలబడేవాడు.

"ప్రసంగం అంతా బాగానే ఉంది. అయితే, పాస్టరుగారు నీళ్ళగ్లాసు కుడిచేత్తో ఎత్తారు, ఎడమచేత్తో దించారు. చూసేవాళ్ళకి తికమకగా ఉంటుంది."

ఇంకో ఆదివారం చేతిరుమాలు మడత మీద. మరో ఆదివారం, క్షమించడం గురించి అంత బాగా చెబుతూ మధ్యలో తుమ్మడం మీద. తుమ్ము కూడా ముందే సిద్ధం చేసుకోవాలా అని నాకు ఒళ్ళు మండిపోయేది. నేను మొదటి వరసలో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. పాస్టరమ్మలు పళ్ళు నూరినా పైకి నవ్వుతున్నట్టే కనిపించాలి. అది ఎవరూ నేర్పరు, మనమే నేర్చుకోవాలి.

మా ఆయన నాలా కాదు. మనిషి వెన్న. ఎవరేమన్నా నిజమేనేమో అనుకునే రకం. అసలే సంఘంలో వేరే సణుగుడు ఉంది. రిటైరైన హెడ్మాస్టరుగారు ప్రతి ప్రసంగాన్నీ పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేవారు. "లోతు లేదు" అనేవారు. ఆయన పక్కన ముగ్గురు నలుగురు తలలు ఊపేవారు. వీటికి తోడు బాబాయి 'అయితే'లు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చాక మా ఆయన అన్నం కెలికి లేచిపోవడం మొదలుపెట్టారు.

ఏడాదికోసారి సంఘం కూర్చుని పాస్టరుని ఉంచాలా, మార్చాలా అని మాట్లాడుకుంటుంది. ఆ రోజు దగ్గరపడుతుంటే ఒక సాయంత్రం మా ఆయన నెమ్మదిగా చెప్పారు.

"హెడ్మాస్టరుగారు మార్చాలని అడుగుతారట. ఆయన లేవగానే నేనే వెళ్ళిపోతానని చెప్పేస్తాను. అన్నయ్య రంగుల దుకాణంలో కూర్చోమంటున్నాడు."

"మీకు రంగుడబ్బా మూత తియ్యడం కూడా రాదు కదండీ."

"నేర్చుకుంటాను. రంగుడబ్బాలు ఎవర్నీ ఏమీ అనవు."

ఈ మనిషికి ఈ పని ప్రాణం. ఇది వదిలేసి దుకాణంలో కూర్చుంటే మనిషే మిగలడు. హెడ్మాస్టరుగారితో పోట్లాడే ధైర్యం నాకు లేదు. కోపం ఎవరిమీదైనా తీర్చుకోవాలి కాబట్టి చెప్పులేసుకుని తిన్నగా బాబాయి కొట్టుకి వెళ్ళాను.

"రా అమ్మాయ్, కూర్చో. ఒక గిరాకీ వస్తున్నాడు, పంపించేసి మాట్లాడదాం" అన్నాడు.

కొట్టు అద్దాల తలుపులోంచి చూస్తే ఎదురుగా ఒకాయన స్కూటరు నిలుపుతున్నాడు. బాబాయి హాంగరు మీది కొత్త కోటు చటుక్కున దించి, సూదితో చేతి అంచు దగ్గర గుచ్చి, ఒక దారం బయటికి లాగి వేలాడేశాడు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు తగిలించాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

ఆ గిరాకీ వచ్చి కోటు తొడుక్కుని, అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, మొహం చిట్లించుకుని వెతకడం మొదలుపెట్టాడు. దారం కనబడింది.

"ఏంటండీ టైలరుగారూ ఇది? ఇంత పేరున్నవాళ్ళు, పని ఇలాగేనా?"

"తప్పే బాబూ. వయసైపోయింది, కళ్ళు ఆనడం లేదు" అని బాబాయి కత్తెరతో దారం కత్తిరించాడు.

గిరాకీ మొహం వికసించింది. "మిగతాదంతా బ్రహ్మాండంగా కుదిరింది" అని కోటు విప్పకుండానే వెళ్ళిపోయాడు.

"కావాలనే లాగారు కదూ?" అన్నాను.

"తప్పు వెతకాలని వచ్చినవాడికి ఏదో ఒకటి దొరకాలమ్మాయ్. దొరక్కపోతే చంకలు చూస్తాడు, మెడ చూస్తాడు, ఆఖరికి గుడ్డే మంచిది కాదంటాడు. ఒక్క దారం దొరికితే కడుపు నిండిపోతుంది."

నా బుర్రలో నెమ్మదిగా వెలిగింది.

"బాబాయ్, గ్లాసు, చేతిరుమాలు, తుమ్ము... ఇవన్నీ దారాలేనా?"

ఆయన కత్తెర కోసం వెతకడం మొదలుపెట్టాడు. కత్తెర చేతిలోనే ఉంది.

"మీ ముందున్న పాస్టరు అందరికీ ఇష్టమే" అన్నాడు చివరికి. "ఆ మాట ఒక్కడూ నోరు తెరిచి అనలేదు. నేనూ అనలేదు. సణిగినవాళ్ళు నలుగురు. వాళ్ళ మాటే ఆయన చెవిన పడింది, సామాను బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. మన జనానికి మెచ్చుకోమంటే సిగ్గు. నేను ఒక పిచ్చి మాట అన్నాననుకో, అప్పుడు చూడు, ఒక్కొక్కళ్ళకీ పాస్టరు మీద ప్రేమ ఎలా పొంగుకొస్తుందో."

నిజమే. బాబాయి మాట్లాడిన ప్రతి ఆదివారం, గుమ్మం దగ్గర జనం మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఆయన తీరే అంతండీ, మనసులో పెట్టుకోకండి, ప్రసంగం చాలా బాగుంది" అనేవారు. నేను కోపంలో పడి ఆ సంగతే గమనించలేదు. అయినా ఊరుకోలేకపోయాను.

"కోటుకైతే దారం నొప్పి పుట్టదు బాబాయ్. ఆయన మనిషి. ఆదివారం పూట అన్నం తినడం లేదు. సంఘం వదిలి వెళ్ళిపోతానంటున్నారు."

"అన్నం తినడం లేదా?" బాబాయి చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టేశాడు. ఆయన మొహం అంతలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "నాకు ఒక్క మాట చెప్పకూడదటే? సరే. మీటింగులో హెడ్మాస్టరు కంటే ముందు నేను లేస్తాను. నువ్వు దిగులు పడకు."

ఆ రోజు నాకు నిద్ర బాగా పట్టింది.

మీటింగు రోజు చూద్దును కదా, బాబాయి మెడకు మఫ్లరు. పిన్ని నెత్తి కొట్టుకుంటోంది. "మీటింగులో అనాల్సిన మాటలట. పొద్దున్నుంచీ డాబా మీద నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారమ్మా. ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా చేతులు ఊపుతున్నారు."

ప్రార్థన అయింది. "ఎవరైనా ఏమైనా చెప్పాలంటే..." అన్నారు మా ఆయన. బాబాయి లేచాడు. నోరు తెరిచాడు. ఈల లాంటి గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల హెడ్మాస్టరుగారు కుర్చీ వెనక్కి జరిపారు. బాబాయి గిలగిల్లాడుతూ నా వైపు చూసి, లెమ్మని చెయ్యి ఊపాడు.

ఎలా లేచానో నాకే తెలీదు.

"పాస్టరుగారి గురించి నేను చెప్పాలి" అన్నాను. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఈయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు."

మొదలుపెట్టడమే కష్టం. ఆ తర్వాత నన్ను ఆపడం కష్టమైంది.

"అద్దం ముందు ప్రసంగం చెప్పుకుని చెప్పుకుని నా చెవులు తినేస్తారు. వేసుకున్న చొక్కా ఎవరికో ఇచ్చి బనీనుతో ఇంటికొస్తారు. అన్నం వడ్డిస్తే, ఫోన్ మోగిందని కంచం ముందునుంచి లేచిపోతారు. ఇలాంటి మనిషితో ఎవరు వేగుతారు, మీరే చెప్పండి."

వెనకనుంచి ఒకావిడ లేచింది. "ఆ ఫోన్ చేసింది నేనేనమ్మా. మా ఆయనకి గుండెల్లో నొప్పి వస్తే ఆస్పత్రికి మోసుకెళ్ళింది పాస్టరుగారే. మీరు ఆయన్ని అలా అనకండి."

"ఆ చొక్కా నా ఒంటి మీదే ఉంది" అన్నాడు ఒక మూలనుంచి ఇంకొకాయన.

ఇక ఆగలేదు. ఒకరు కూర్చునేలోపు ఇద్దరు లేస్తున్నారు. అందరికీ నామీద కోపం. ఒక ముసలావిడైతే, మొగుడి విలువ తెలియని ఆడదానివని మొహం మీదే అనేసింది. జన్మలో అంత హాయిగా తిట్లు తిన్నది లేదు.

చివరికి హెడ్మాస్టరుగారు లేచారు.

"అమ్మా, మీరు కూర్చోండి" అన్నారు విసుగ్గా. "నా కంటి ఆపరేషనప్పుడు ఈయన రోజూ వచ్చి పేపరు చదివి వినిపించారు. ఉచ్చారణ సరిగా లేదు, అది వేరే విషయం. తడి తువ్వాలు కోసం పాస్టరుని మార్చమంటే నేను ఒప్పుకోను. ఈయన ఉండాలి. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. హెడ్మాస్టరుగారు తానేం చెప్పాలని వచ్చారో, ఏం చెప్పారో గుర్తొచ్చి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

గుమ్మం దగ్గర బాబాయి మా ఆయన మెడ వంచి, చెవిలో ఏదో చాలాసేపు గుసగుసలాడాడు. ఇద్దరం ఇంటిదారి పట్టాం. వీధి మలుపు దగ్గర మా ఆయన నిలబడి, "నేను అంత వేగలేని మనిషినా?" అన్నారు.

"తువ్వాలు సంగతి నిజం. మిగతాది ఇంటికెళ్ళాక చెబుతాను. బాబాయి ఏమన్నాడు?"

"గొంతు పోయింది కాబట్టి ఎవరికీ వినపడదు, అందుకని చెబుతున్నానన్నాడు. పాతికేళ్ళుగా ప్రసంగం మొదలవగానే నిద్రపోవడం ఆయనకి అలవాటట. నేను వచ్చాక ఒక్క ఆదివారం కూడా కన్ను మూతపడలేదట."

ఆ మాట చెబుతూ చెబుతూ నవ్వడం మొదలుపెట్టారు. రోడ్డు పక్క గోడ పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఇంటికెళ్ళగానే వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసి దుకాణానికి రావడం లేదని చెప్పేశారు. తర్వాత కంచం ముందు కూర్చుని, రెండోసారి కూడా వడ్డించమన్నారు.