చుక్కల మందు పెట్టెలో కాగితం

పదో తరగతి తప్పాక నా చదువంతా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలోనే సాగింది. అక్కడి రెండు బీరువాలూ చదివేశానని ఊళ్లో గొప్పలు పోయేదాన్ని. ఎవరికి ఉత్తరం వచ్చినా, గోడ మీద నోటీసు అంటించినా చదివి చెప్పేది నేనే.

ఆ రోజుల్లో అమ్మకి కళ్లు ఎర్రబడి దురద పెట్టేవి. మైదానం నుంచి మా కొండల్లోకి వచ్చి సంతవీధిలో దుకాణం పెట్టుకున్న షావుకారు చుక్కల మందు ఇచ్చాడు. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. "సల్లగుందే గుంటా, ఇంకో సుక్క ఎయ్యి" అనేది అమ్మ. నా చేతులతో రెండేళ్లు వేశాను. సీసా అయిపోతే సంతకెళ్లి కొత్తది తెచ్చేదాన్ని. పెట్టెలో మడతపెట్టి ఉండే సన్నటి కాగితాన్ని, చదువుతున్న పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకునేదాన్ని.

తర్వాత అమ్మ గుమ్మానికి భుజం కొట్టుకోవడం మొదలైంది. కాఫీ గింజల్లో నల్లవి ఏరుతూ, పక్కనే ఉన్న చేట కనబడక తన్నేసేది. విశాఖపట్నంలో కంటి డాక్టరు సీసా చూడగానే అది స్టెరాయిడ్ అన్నాడు. దానివల్ల కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. ఆ జబ్బు పేరు నీటికాసులు. కుడికన్ను పోయింది, ఎడమకంట్లో సగమే మిగిలింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని వేరే చుక్కలు రాశాడు.

తిరిగొచ్చి గ్రంథాలయానికి పరుగెత్తాను. నేను ఇచ్చేసిన పుస్తకంలో కాగితం అలాగే ఉంది. నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. డాక్టరు చూడకుండా ఎక్కువకాలం వాడితే కంటికి ప్రమాదమని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. అర్థం చేసుకోవడానికి గంట కూడా పట్టలేదు.

దుకాణానికి వెళ్లాను. "డాట్రు సీటీ నేకుండా రెండేళ్లు ఎలాగమ్మీసినారు?"

"నానేటి సేసినానే? సల్లగుందని మీరే వొచ్చి అడిగినారు. ఊరందరికీ సదివి సెప్తావు కదా, పెట్టెలో కాయితం నీకగుపడనేదేటి?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆ మాట నిజమే కాబట్టి నాకు ఇంకా మండింది. నేను చదవలేదు, సరే. ఏం అమ్ముతున్నాడో తెలుసుకోవలసిన పని వాడికి లేదా?

ఇంట్లో అమ్మ కొత్త మందు మండుతోందని మొహం తిప్పుకుంది. "ఆ సావుకారి సుక్కే బాగున్నాదే, అదే తే."

తర్వాతి సంతనాడు దుకాణం ఎదురుగా నిలబడి ఆ కాగితాన్ని తెలుగులో గట్టిగా చదివాను. ఒక ముసలాయన కొన్న సీసా వెనక్కిచ్చేశాడు.

పై వారం వెళ్లి చూస్తే, అవే చుక్కలు అమ్ముతున్నాడు. ఈసారి పెట్టెలు లేవు, కాగితాలు లేవు, ఒట్టి సీసాలే.